ఐదు స్టార్లు కొనుక్కోమంటున్నాడు మా మేనల్లుడు

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. ఇరవై రెండేళ్లుగా ఇంటి ముందు గదిలోనే పచ్చళ్లు, పొడులు చేసి అమ్ముతున్నాం. నాలుగేళ్ల కిందట మా మేనల్లుడు మా కొట్టును గూగుల్ మ్యాప్‌లో పెట్టాడు. ఇప్పటికి 86 రివ్యూలు, 4.2 రేటింగ్. మా వెనక వీధిలో కొత్తగా పెట్టిన కొట్టుకు నాలుగు నెలల్లోనే 640 రివ్యూలు, 4.9. వాళ్ల గోంగూర తెప్పించుకుని తిన్నాను. బాగానే ఉంది, అంతే. పోయిన నెల ఒక్క వారంలో మాకు ఏడు ఒంటి స్టార్లు పడ్డాయి. ఇద్దరైతే చికెన్ పచ్చడి వాసన వచ్చిందని రాశారు. మేము మాంసం పచ్చళ్లు అసలు పెట్టం! మూడేళ్ల కిందట సీసా మూత కారి చీర పాడైందని ఒకావిడ రెండు స్టార్లు ఇచ్చింది, ఎప్పుడు తీసినా అదే పైన కనిపించి కడుపు రగిలిపోతుంది. రివ్యూకు నలభై రూపాయల చొప్పున వంద రివ్యూలు వేయించే కుర్రాడు దొరికాడని మేనల్లుడు అంటున్నాడు. ‘అందరూ చేసేదే అత్తా’ అంటాడు. మా ఆయన ససేమిరా అంటున్నారు. నేను కూడా పోయిన దసరాకు 4.5 స్టార్లు చూసి ఆన్‌లైన్‌లో మిక్సీ కొంటే రెండు నెలలకే మోటారు పోయింది. దొంగ రివ్యూ ఏదో మామూలు మనిషి ఎలా కనిపెట్టాలి? ఇలాగైతే జనం ఇక ఎవరిని నమ్ముతారు? మేం కొనుక్కోవాలా, వద్దా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: వద్దు. మీ ఆయన మాటే నా మాట. ఆ నాలుగు వేలు పెట్టి పప్పునూనె కొనుక్కోండి.

ఎందుకు వద్దో తర్వాత చెబుతాను. ముందు దొంగ రివ్యూ సంగతి. దాన్ని ఎలా పట్టుకోవాలో మీ ఉత్తరంలో మీరే చెప్పేశారు, గమనించారో లేదో. చికెన్ పచ్చడి! మీ గడప తొక్కిన మనిషెవరూ ఆ మాట రాయలేరు. రాసినవాడికి మీ కొట్టు తెలియదు, మీ సరుకు తెలియదు, ‘గుంటూరు, పచ్చళ్లు’ అన్న రెండు ముక్కలే తెలుసు. దొంగ రివ్యూకు ఉన్న పెద్ద బలహీనత ఇదే. అక్కడికి వెళ్లినవాడికే తెలిసే చిన్న సంగతి దాంట్లో ఉండదు, ఉంటే తప్పుగా ఉంటుంది.

గుంటూరు మనిషికి మిర్చి యార్డు గురించి నేను చెప్పడం తాతకు దగ్గులు నేర్పడమే. అయినా చెబుతాను. టిక్కీ (మిర్చి బస్తా) పైన ఎప్పుడూ నిగనిగలాడే కాయలే ఉంటాయి. కొనేవాడు వాటిని చూసి ధర కట్టడు. లోపలికి చెయ్యి పెట్టి గుప్పెడు మచ్చు తీస్తాడు. కాయ విరుస్తాడు, రంగు చూస్తాడు, తాలు (రంగు పోయిన నాసి కాయ) ఎంత కలిసిందో చూస్తాడు, అప్పుడు నోరు విప్పుతాడు. ఫోన్‌లో రివ్యూలు చూసేటప్పుడు మాత్రం మనం టిక్కీని పైనుంచి చూసి వచ్చేస్తున్నాం. 4.9 అన్న అంకె పైన పేర్చిన కాయ. చెయ్యి లోపలికి పోవాలి.

నేనూ పైపైన చూసి బోల్తా పడిన దాన్నే. రెండేళ్ల కిందట రోహిణి కార్తెలో, విజయవాడలో రోళ్లు పగిలే ఎండలో, మా ఇంట్లో ఫ్రిజ్ ఆగిపోయింది. మ్యాప్‌లో వెతికితే దగ్గర్లోనే 4.8 ఉన్న రిపేరు వాళ్లు కనిపించారు. ఎండ టెన్షన్‌లో ఇంకేం చూడలేదు. ఒకతను వచ్చాడు, గ్యాస్ పోయిందన్నాడు, మూడున్నర వేలు తీసుకున్నాడు, నాలుగో రోజుకు ఫ్రిజ్ మళ్లీ ఆగింది, అతని ఫోన్ కూడా ఆగింది. అప్పుడు కూర్చుని ఆ రివ్యూలన్నీ చదివాను. చదువుతుంటే నవ్వొచ్చింది, నా మీద నాకే. ‘టెక్నీషియన్ సమయానికి వచ్చారు, చాలా ప్రొఫెషనల్‌గా పనిచేశారు’ అని అటు తిప్పి ఇటు తిప్పి అరవై మంది రాశారు. దాదాపు అన్నీ రెండు మూడు రోజుల్లోనే పడ్డాయి. ఒక్కరైనా ఫ్రిజ్‌కు ఏమైందో చెప్పలేదు. రిపేరు చేయించుకున్న మనిషి ముందు చెప్పేది ఏం పాడైందీ, ఎంత తీసుకున్నాడూ అనే కదా. సమయానికి వచ్చాడని మురిసిపోతామా?

అందుకని ఇప్పుడు నేను మొదట చూసేది తేదీలు. రివ్యూలను కొత్తవి ముందు వచ్చేలా మార్చుకుని కిందికి జరుపుతూ పోతే చాలు. నిజమైన కొట్టుకు రివ్యూలు చినుకుల్లా పడతాయి. మీకు నాలుగేళ్లలో 86 అంటే సుమారుగా పదిహేడు రోజులకు ఒకటి. పండగలకు, పెళ్లిళ్ల సీజన్‌లో, పిల్లలు అమెరికా వెళ్లే ఆగస్టులో కొంచెం ఎక్కువ పడి ఉంటాయి. కొన్న రివ్యూలు కుండపోతగా పడతాయి. మూడు రోజుల్లో ఎనభై, తర్వాత నెలంతా ఎండ, మళ్లీ రెండు రోజుల్లో వంద. మీ వెనక వీధి వాళ్లవి రోజుకు ఐదు పైన పడుతున్నట్టు లెక్క. అవి రోజూ సమానంగా పడుతున్నాయా, గుట్టలుగా పడుతున్నాయా చూడండి. అయితే అంకె పెద్దదన్నంత మాత్రాన దొంగలని అనేయొద్దు. బిల్లు ఇచ్చేటప్పుడు ప్రతి మనిషినీ నోరు తెరిచి అడిగే కొట్లు ఉన్నాయి, వాళ్లకు నిజంగానే ఎక్కువ వస్తాయి. మీరు ఎప్పుడైనా ఎవరినైనా అడిగారా? ఉత్తరం చూస్తే అడిగినట్టు లేదు.

తేదీల తర్వాత రాసిన మనిషి. పేరు మీద నొక్కితే ఆ మనిషి ఇంకెక్కడెక్కడ రాశాడో కనిపిస్తుంది (ఈ మధ్య కొందరు దాన్ని దాచుకుంటున్నారు, అది వేరే సంగతి). ఒకే మనిషి ఒకే వారంలో జైపూర్ పళ్ల డాక్టరుకు, సూరత్ జిమ్‌కు, కొచ్చి ప్యాకర్స్ అండ్ మూవర్స్‌కు, గుంటూరు పచ్చళ్ల కొట్టుకు ఐదేసి స్టార్లు ఇచ్చాడంటే ఆ మనిషికి పళ్లూ లేవు, పచ్చడీ లేదు. మీకు పడిన ఏడు ఒంటి స్టార్లనూ ఇలాగే నొక్కి చూడండి. ఆ ఏడుగురిలో నలుగురు వేరే ఊళ్లో ఏదో ఒక కొట్టుకు కలిసికట్టుగా ఐదు స్టార్లు ఇచ్చి ఉంటే మీకు కావలసిన సాక్ష్యం అక్కడే దొరికినట్టు.

ఇక రాత. అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీ వాళ్లు 2011లో ఒక పరిశోధన చేశారు. షికాగోలోని 20 హోటళ్ల గురించి 400 నిజమైన రివ్యూలు తీసుకున్నారు. ఒక్కోదానికి ఒక డాలరు ఇచ్చి, ఆ హోటళ్ల మీద మరో 400 కల్పించి రాయించారు. మీ మేనల్లుడి కుర్రాడి నలభై రూపాయలకు అది అమెరికా ధర అనుకోండి. ఆ రెండు రకాలనూ కలిపి మనుషుల చేతికిస్తే వాళ్లు కనిపెట్టింది బొమ్మా బొరుసా వేసి చెప్పినదానికన్నా పెద్ద మెరుగ్గా ఏం లేదు. కంప్యూటర్ మాత్రం పదింట దాదాపు తొమ్మిది సరిగ్గా పట్టుకుంది. దానికి దొరికిన గుర్తులే మనకు పనికొచ్చేవి. వెళ్లి వచ్చినవాళ్లు బాత్‌రూమ్ గురించీ, ఎన్నో అంతస్తో, గది ఎంత ఇరుగ్గా ఉందో, అలాంటివి రాశారు. వెళ్లనివాళ్లకు గది తెలియదు కాబట్టి ‘నేను, మా ఆయన, మా సెలవులు’ అంటూ తమ గురించే రాసుకున్నారు. కళ్లతో చూడని చోటు గురించి రాయాలంటే ఎవరికైనా అంతకన్నా ఏం చేతనవుతుంది!

మీ 86 చదివి చూడండి. ‘ఉసిరి ఆవకాయలో ఉప్పు కాస్త ముందుంది’ అనో, ‘కందిపొడి వెల్లుల్లి లేకుండా చేసిమ్మంటే చేసిచ్చారు’ అనో, ‘మధ్యాహ్నం పూట వెళితే తలుపు కొట్టాలి, ఆంటీ పడుకుని ఉంటారు’ అనో ఉంటాయి. మన ఊరివాళ్లు తెలుగును ఇంగ్లిషు అక్షరాల్లో రాసి, సగం అక్షరాలు మింగేసి, ‘కారం ఎక్కువే కానీ సూపర్’ అని ముగిస్తారు. దాని పక్కన ‘అద్భుతమైన నాణ్యత, సరసమైన ధర, స్నేహపూర్వకమైన సిబ్బంది’ అని ఉంటే, స్నేహపూర్వకమైన సిబ్బంది ఎవరండీ, మీ ఆయనా?

ఈ రాత గుర్తులు మాత్రం ఇప్పుడు పాతబడుతున్నాయని ఒప్పుకోవాలి. చాట్‌జీపీటీ లాంటివి వచ్చాక డాలరు ఇచ్చి మనిషితో రాయించాల్సిన పని లేదు. ‘గుంటూరు యాసలో, చిన్న లోపం కూడా కలిపి రాయి’ అంటే అలాగే రాస్తుంది. కాబట్టి రాత ఎంత సహజంగా ఉన్నా తేదీనీ మనిషినీ చూడకుండా వదలొద్దు. రాత మారినంత తేలిగ్గా ఆ రెండూ మారవు.

ఆన్‌లైన్‌లో వస్తువులు కొనేటప్పుడు ఇంకో రెండు చూడాలి. మీ మిక్సీ పెట్టెలో చిన్న కార్డు ఏమైనా వచ్చిందా? ‘ఐదు స్టార్లు ఇచ్చి స్క్రీన్‌షాట్ ఈ వాట్సాప్ నంబరుకు పంపండి, వంద రూపాయలు క్యాష్‌బ్యాక్’ అని. అలా వచ్చే రివ్యూ నిజంగా కొన్నవాళ్లదే, ‘వెరిఫైడ్’ గుర్తు కూడా ఉంటుంది, కానీ లోపల తాలే. ఆ గుర్తు కొన్నారని చెబుతుంది, నిజం చెప్పారని చెప్పదు. రెండోది, మిక్సీ కింద పాత రివ్యూలు తీసి చూస్తే ‘టార్చి వెలుతురు బాగుంది’ అని ఉంటుంది ఒక్కోసారి. బాగా అమ్ముడైన పాత వస్తువు పేజీలోకి కొత్త వస్తువును దూర్చి, దాని స్టార్లన్నీ దీనికి అంటగట్టే పని అది. ఇలా చేసినందుకు 2023లో అమెరికాలో ఒక విటమిన్ల కంపెనీ చేత అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ (వ్యాపార మోసాల సంగతి చూసే ప్రభుత్వ సంస్థ) ఆరు లక్షల డాలర్లు కట్టించింది.

నేను మొదట చదివేది మూడు స్టార్ల రివ్యూలు. ఐదిచ్చినవాడు ప్రేమలో ఉంటాడు, ఒకటి ఇచ్చినవాడు కోపంలో ఉంటాడు. మూడిచ్చినవాడే కాస్త నిదానంగా ఆలోచించి రాస్తాడు. డబ్బిచ్చి మూడు స్టార్లు వేయించుకునేవాడు కూడా ఎవడూ ఉండడు!

ఇప్పుడు మీ 4.2 సంగతి. దాన్ని చూసి మీరు సిగ్గుపడుతున్నారు, నాకైతే ముచ్చటేసింది. అమెరికాలో నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీవాళ్లు 2017లో చెప్పినదాని ప్రకారం జనం కొనే అవకాశం రేటింగ్ 4.0 నుంచి 4.7 మధ్య ఉన్నప్పుడు ఎక్కువ. 5.0కి దగ్గరయ్యేకొద్దీ అది తగ్గుతుంది. మరీ తెల్లటి అన్నం చూస్తే పాలిష్ పట్టారేమో అనుకుంటాం కదా, అదే. మీరు తిట్టుకుంటున్న ఆ నూనె కారిన రెండు స్టార్లు మీ కొట్టుకు కాపలా కాస్తున్నాయి. సీసా కొన్న మనిషి, దాన్ని సంచిలో పెట్టుకుని వెళ్లిన మనిషి, చీర పాడుచేసుకున్న మనిషి ఒకావిడ నిజంగా ఉందని, ఆ ఏడూ పోను మిగతావాటిలో కూడా అలాంటి మనుషులే ఉన్నారని అది చెబుతుంది.

మీ మేనల్లుడు ఉత్త వెర్రివాడు మాత్రం కాదు. స్టార్లకు డబ్బు విలువ ఉంది. హార్వర్డ్‌లో మైఖేల్ లూకా అనే ఆర్థికవేత్త అమెరికాలోని సియాటెల్ ఊళ్లో రెస్టారెంట్ల లెక్కలు తీశాడు. యెల్ప్ అనే రివ్యూ సైట్‌లో ఒక స్టారు పెరిగితే రాబడి 5 నుంచి 9 శాతం పెరిగిందని తేల్చాడు. ఊరూరా శాఖలున్న పెద్ద చైన్ రెస్టారెంట్లకు ఈ లాభం లేదు, మీలాంటి సొంత కొట్లకే ఉంది. ఆశ అక్కడే పుడుతుంది. ఆ ఆశ ఎంత దూరం పోగలదో చూడాలంటే లండన్ కథ ఒకటుంది. ఊబా బట్లర్ అనే కుర్రాడు ఒకప్పుడు పది పౌండ్లకో రివ్యూ చొప్పున రెస్టారెంట్లకు దొంగ రివ్యూలు రాసేవాడు. 2017లో తను ఉంటున్న పెరటి షెడ్డునే ఒక రెస్టారెంట్‌గా ట్రిప్‌అడ్వైజర్ అనే రివ్యూ సైట్‌లో పెట్టాడు. వంటల ఫొటోల్లో క్రీమ్ బదులు షేవింగ్ ఫోమ్ వాడాడు. స్నేహితులతో రివ్యూలు రాయించాడు, ఫోన్ చేసినవాళ్లందరికీ ‘టేబుళ్లు ఖాళీ లేవు’ అన్నాడు. నవంబరు 1 నాటికి లండన్‌లోని 18 వేల పైచిలుకు రెస్టారెంట్లలో అది మొదటి స్థానానికి చేరింది. అప్పటికి ఆ షెడ్డులో ఒక్కరికి కూడా అన్నం పెట్టలేదు. తర్వాత ఒక్క రాత్రి తెరిచి, బజార్లో దొరికే చవక రెడీమేడ్ భోజనం వేడిచేసి పెడితే, వచ్చినవాళ్లలో కొందరు మళ్లీ వస్తామన్నారు.

బట్లర్‌ది వేళాకోళం, ఒక్క రాత్రితో సరి. మీరు రేపు కూడా కొట్టు తెరవాలి. అమెజాన్‌లో దొంగ రివ్యూలు కొన్న సుమారు 1,500 వస్తువులను కాలిఫోర్నియా పరిశోధకులు కొందరు వెంటబడి చూశారు, 2022లో అచ్చయింది. కొన్నన్నాళ్లూ రేటింగ్, అమ్మకం రెండూ పెరిగాయి. కొనడం ఆపగానే రేటింగ్ పడింది, ఒంటి స్టార్లు పెరిగాయి. కారణం పెద్ద రహస్యమేం కాదు. 4.9 చూసి వచ్చినవాడు 4.9 రుచి అడుగుతాడు. 4.2 చూసి వచ్చినవాడికి మీ గోంగూర ‘అరె, బాగుందే’ అనిపిస్తుంది, అదే గోంగూర 4.9 చూసి వచ్చినవాడికి ‘ఇంతేనా’ అనిపిస్తుంది. వెనక వీధివాళ్లది తిని మీరు అన్నమాట గుర్తు చేసుకోండి, ‘బాగానే ఉంది, అంతే’ అన్నారు. ఆ ‘అంతే’ వచ్చింది పచ్చడిలోంచి కాదేమో, ఆ అంకెలోంచేమో.

జనం ఎవరిని నమ్ముతారన్నారు. జార్జ్ అకెర్లాఫ్ అనే ఆర్థికవేత్త 1970లో సెకండ్‌హ్యాండ్ కార్ల బజారు గురించి ఒక వ్యాసం రాశాడు, 2001లో ఆయనకు నోబెల్ వచ్చింది. దాన్ని మన యార్డులోకి తెచ్చి చెబుతాను. మచ్చు తీసే వీలు లేదనుకోండి, టిక్కీలన్నీ కుట్టేసి ఉన్నాయి. ఏది మేలు రకం తేజో, ఏది తాలో తెలియని కొనుగోలుదారు అన్నిటికీ కలిపి ఒక మధ్య రకం ధరే ఇస్తాడు. ఆ ధరకు తాలు తెచ్చినవాడికి పండగ. మంచి కాయ తెచ్చిన రైతుకు గిట్టదు, వచ్చే వారం అతను యార్డుకు రాడు. అలా మంచి సరుకు ఒక్కొక్కటే తప్పుకుంటే చివరికి మిగిలేది తాలే. రివ్యూలు కుట్టేసిన టిక్కీలుగా మారుతున్నాయి. దీనివల్ల మీకన్నా ఎక్కువ నష్టపోయేది ఎవరో తెలుసా? మీకు ఇరవై రెండేళ్ల పేరుంది, బ్రాడీపేటలో ఎవరినడిగినా మీ ఇల్లు చూపిస్తారు. ఈ ఏడే కొత్తగా, నిజాయితీగా పొడుల వ్యాపారం మొదలుపెట్టిన ఏ అమ్మాయో ఉంటుంది. పేరు లేదు, తెలిసినవాళ్లు లేరు, రివ్యూ ఒక్కటే ఆసరా. రివ్యూ మీద నమ్మకం పోతే జనం మళ్లీ ‘పక్కింటి వాళ్లు ఎక్కడ కొంటారో అక్కడే’ అంటారు. పాత కొట్లు బతుకుతాయి, ఆ అమ్మాయి మూసుకుంటుంది.

చట్టం సంగతి కూడా మేనల్లుడికి చెప్పండి. 2020 జూలైలో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం అమ్మేవాడు కొన్నవాడిలా వేషం వేసి రివ్యూ రాయకూడదు. తప్పుదోవ పట్టించే ప్రకటనలకు తయారీదారు మీద 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేసే అధికారం 2019 వినియోగదారుల రక్షణ చట్టం సీసీపీఏకు (కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థకు) ఇచ్చింది. రివ్యూలు ఎలా సేకరించాలి, ఎలా ప్రచురించాలి అన్నదానికి బీఐఎస్ (వస్తువులకు ప్రమాణాలు పెట్టే కేంద్ర సంస్థ) 2022 నవంబరులో ఐఎస్ 19000 అని ఒక ప్రమాణం కూడా తెచ్చింది. అది తెచ్చినప్పుడు స్వచ్ఛందమే, అంటే పాటించమని కోరారు తప్ప బలవంతం లేదు. బ్రిటన్, అమెరికా ఇంకా ముందుకెళ్లి దొంగ రివ్యూలు కొనడం అమ్మడం మీద నేరుగా నిషేధం పెట్టాయి, అమెరికాలో 2024 అక్టోబరు నుంచి, బ్రిటన్‌లో 2025 ఏప్రిల్ నుంచి. బ్రాడీపేట సందులోకి ఢిల్లీ నుంచి ఎవరో జీపు వేసుకుని వస్తారని నేను భయపెట్టను. అంతకన్నా దగ్గర్లో ఉన్న భయం గూగులే. 2024లో అది 24 కోట్లకు పైగా నిబంధనలకు విరుద్ధమైన రివ్యూలను ఆపేయడమో తీసేయడమో చేసింది. కొన్నారని దానికి అనుమానం తగిలితే కొత్త రివ్యూలు రాకుండా కొన్నాళ్లు ఆపుతుంది, ఉన్నవి దాచేస్తుంది, దొంగ రివ్యూలు తీసేశామని మీ కొట్టు పేరు కింద బోర్డు కూడా పెట్టొచ్చు. నాలుగు వేలు ఇచ్చి ఆ బోర్డు తగిలించుకుంటారా?

ఆ కుర్రాడి గురించి ఒక మాట అడగాలి. మీకు ఒంటి స్టార్లు పడింది ఏ వారం? అతను మీ మేనల్లుడికి తగిలింది ఏ వారం? ముందు ఒంటి స్టార్లు తనే వేయించి, తర్వాత ‘సరిచేస్తాను’ అని వచ్చే రకాలు ఈ వ్యాపారంలో ఉన్నాయి. మీ కేసులో అదే జరిగిందని అనను, తేదీలు చూసుకోండి అంటున్నాను. అది తేలేదాకా వెనక వీధివాళ్ల మీద కూడా నింద వేయకండి.

ఆ వంద రివ్యూలు రాసేదెవరో కూడా ఆలోచించమనండి. ‘ఇంట్లో కూర్చుని రోజుకు మూడు వేలు, హోటళ్లకు రేటింగ్ ఇస్తే చాలు’ అని వాట్సాప్‌లో, టెలిగ్రామ్‌లో మెసేజ్‌లు వస్తుంటాయి, చూసే ఉంటారు. రాసేవాళ్లలో కొందరు అలా చేరిన కాలేజీ పిల్లలు, ఇంట్లో ఉండే ఆడవాళ్లు. మొదట రివ్యూకు యాభయ్యో, నూటయాభయ్యో నిజంగానే అకౌంట్లో పడతాయి. నమ్మకం కుదిరాక ‘ప్రీపెయిడ్ టాస్క్’ అంటారు, ముందు వెయ్యి కట్టు, పద్నాలుగు వందలు వస్తాయి అంటారు. వెయ్యి పదివేలవుతుంది, పదివేలు లక్షలవుతాయి, ఆ తర్వాత గ్రూపే మాయం. ఎవరైనా ఇందులో ఇరుక్కున్నారని తెలిస్తే సిగ్గుపడకుండా వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమనండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఇక మీరు చేయాల్సిన పనులు. ఏడు ఒంటి స్టార్లకూ ముందు స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. ఒక్కో రివ్యూ పక్కన మూడు చుక్కలు నొక్కి రిపోర్ట్ చేయండి. అన్నీ పోతాయని ఆశ పెట్టుకోవద్దు, చికెన్ పచ్చడివి పోవచ్చు. పోయేలోగా వాటి కింద జవాబు రాయండి, కోపం ఒక్క అక్షరంలో కూడా కనపడకుండా: ‘నమస్కారమండి. మేము మాంసం పచ్చళ్లు చేయం, అమ్మం. వేరే కొట్టు అనుకుని రాసి ఉంటారు. మా దగ్గరే కొన్నారంటే ఏ రోజు కొన్నారో చెప్పండి, డబ్బు తిరిగి ఇస్తాం.’ ఈ జవాబు రాసినవాడి కోసం కాదు, రేపు చదివేవాళ్ల కోసం.

రివ్యూలు అడగడం తప్పు కాదు, అడగండి. గల్లా దగ్గర ఒక క్యూఆర్ కోడ్ పెట్టండి, పార్సిల్‌లో చిన్న చీటీ వేయండి: ‘ఏ పచ్చడి కొన్నారో, ఎలా ఉందో రాయండి. బాగోకపోతే అదీ రాయండి.’ ఏ పచ్చడో రాయమనడం ముఖ్యం, ఆ ఒక్క మాటతో ప్రతి రివ్యూలో మచ్చు దొరుకుతుంది. రాస్తే పావుకిలో కారప్పొడి ఫ్రీ అనొద్దు, బహుమానం ఇచ్చి రాయించుకోవడం కూడా గూగుల్ ఒప్పుకోదు. బాగుందన్నవాళ్లను ఏరి వాళ్లనే అడగడం కూడా కుదరదు. మీ అన్నయ్య గారి పిల్లలతో, మీ మరిది ఆఫీసువాళ్లతో రాయించడం కూడా మానుకోండి, డబ్బిచ్చి రివ్యూ కొనకపోయినా అదీ దొంగదే. సీసా మీద తయారీ తేదీ, పద్నాలుగు అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) నంబరు స్పష్టంగా కనిపించేలా ఉన్నాయో లేదో చూసుకోండి. స్టార్లను నమ్మడం మానేసినవాళ్లు ఇప్పుడు సీసా తిప్పి ఆ నంబరు చూస్తున్నారు.

మిక్సీ మాట మరిచిపోలేదు. బిల్లు ఉంటే వారంటీ కింద రాతపూర్వకంగా అడగండి, ఫోన్‌లో మాట్లాడి ఊరుకోవద్దు. పలకకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అక్కడా తేలకపోతే గుంటూరులోనే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, కంపెనీ ఏ ఊళ్లో ఉన్నా మీరున్న చోటే కేసు వేయొచ్చు. ఐదు లక్షల లోపు వస్తువుకు ఫీజు లేదు, గడువు రెండేళ్లు. పోయిన దసరా అంటున్నారు కాబట్టి ఇంకా టైముంది.

ఇవన్నీ తర్వాత. ముందు ఈ రాత్రి ఫోన్ తీసి, చీర పాడైన ఆవిడ రివ్యూ కింద జవాబు రాయండి. మూడేళ్లయింది, ఇంతవరకు ఎవరూ ఆవిడకు ‘అయ్యో’ అని కూడా అనలేదు. ఇప్పుడు మూతలు మార్చారా? మార్చి ఉంటే ఆ ముక్క చెప్పి, ఈసారి గుంటూరు వచ్చినప్పుడు ఒక సీసా తీసుకెళ్లమనండి, మా తరఫున అనండి. మార్చకపోతే ఆ నాలుగు వేలు దేనికి ఖర్చుపెట్టాలో తెలిసింది కదా, పప్పునూనె సంగతి తర్వాత చూద్దాం.